వరుసలో చివరి మడిగె

నేను చదివింది ఏడో తరగతి. అదీ పూర్తి చేయలేదు. లెక్కల సారు నన్ను చూసి విసిగిపోయాడో, నేనే ఆయనను చూసి విసిగిపోయానో ఇప్పటికీ తేలలేదు. మొత్తానికి ఇద్దరం గొడవ లేకుండా విడిపోయాం. ఆ తర్వాత బతుకంతా చేతిలో టేపు పట్టుకుని లెక్కలే చేశాను. ఈ సంగతి తెలిస్తే సారు నవ్వడానికి కుర్చీ వెతుక్కునేవాడు.

గోదావరిఖనిలో ఓదెలు అని అడిగితే వీధికొకడు దొరుకుతాడు. షట్టర్ ఓదెలు అంటే మాత్రం నేనొక్కణ్నే. మడిగెలకు, అంటే దుకాణం గదులకు, షట్టర్లు బిగించడం, లోపల ర్యాకులు, కౌంటర్లు, గల్లాలు చేయడం, దుకాణం నడవకపోతే అవే విప్పి ఇంకోచోట బిగించడం నా పని. దుకాణానికి పెళ్లి చేసే పంతులూ నేనే, విడాకులు ఇప్పించే వకీలూ నేనే. రెండింటికీ ఒకే స్క్రూడ్రైవర్.

ఇప్పుడు స్టూలెక్కితే దిగడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని పని చాలించాను. బొగ్గు గనుల కంపెనీలో రిటైరైతే దండ వేసి, శాలువా కప్పి, జీపులో ఇంటిదాకా దింపుతారు. నా భార్య "ఇగ సాలు, కూసో" అంది. నా సన్మానం అక్కడితో ముగిసింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్లైవుడ్ రకాలు, స్ప్రింగు బిగువు, సన్‌మైకా రంగులు ఇందులో ఉండవు. అవి మీ ఫోన్లోనే ఉన్నాయి. మడిగె దేనికి పనికొస్తుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియజెప్పినావిడ పేరు రూతమ్మ. ఆమె నన్ను దుకాణం అడగలేదు. తాను చనిపోయాక తన శరీరాన్ని ఒక పూట ఉంచడానికి చోటు అడిగింది. ఆ కథలోకి వెళ్లేముందు అప్పటికి నాకు ఏం తెలుసో చెప్పాలి. లేకపోతే నేను ఎక్కడ బోల్తా పడ్డానో మీకు అర్థం కాదు.

టేపు కంటే ముందు కాళ్లు

నాకు పని నేర్పింది ఖాదర్ భాయ్. మంచి పనిమంతుడు, చెడ్డ యజమాని. పని బాగుంటే నోరు విప్పడు, చెడిపోతే వీధి చివరిదాకా వినిపించేలా విప్పుతాడు. సొంత డబ్బాలో తంబాకు నిండుగా ఉన్నా పక్కవాడి జేబులోదే ఎక్కువ రుచి ఆయనకు.

మొదటి రోజు నా చేతికి టేపు ఇవ్వలేదు. చౌరస్తాలో మేము కట్టబోయే మడిగెకు ఎదురుగా టీ కొట్టు ముందు కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వచ్చి అడిగాడు.

"ఏం చూసినవ్?"

"దుకాణం చూసిన భాయ్."

"దుకాణం ఏడికన్న పోతదా? అది ఆడనే ఉంటది. పోయేది వచ్చేది మనుషులు. వాళ్ల కాళ్లు చూడు. ఏడ ఆగుతున్నయ్, ఏడ ఎనుకకు మర్లుతున్నయ్, గది చూడు. జల్ది ఏం లేదు. ఇంకో చాయ్ తాగు."

ఆ చాయ్ ఖర్చు నాదే.

రెండో పాఠం సరుకు ఎత్తు గురించి. కొనడానికి వచ్చే మనిషిని ఆయన గిరాకీ అనేవాడు. "అమ్మేది ఏదైనా గిరాకీ ఛాతీ ఎత్తుల పెట్టాలె. కింద పెడితే వంగరు, పైన పెడితే నమ్మరు" అనేవాడు. ఈ పాఠం నా చేతుల్లోకి ఎంతగా ఎక్కిందంటే, ఏ గదిలోకి వెళ్లినా నా చెయ్యి తనంతట తానే ఛాతీ ఎత్తులో గీత గీసేది. ఆ గీతే తర్వాత నా పరువు తీసింది.

మొదటి పాఠం మర్చిపోయి ఒకసారి దెబ్బతిన్నాను. ఒక బట్టల షాపాయన పట్నం వెళ్లి అద్దాల తలుపు చూసొచ్చి, తనకూ అదే కావాలన్నాడు. బిగించాను. తళతళలాడింది. డ్యూటీ దిగి వచ్చే కార్మికులు తలుపు దాకా వచ్చేవాళ్లు, ఆగేవాళ్లు, వెనక్కి తిరిగి వెళ్లేవాళ్లు. పొద్దంతా టీ కొట్టు దగ్గర కూర్చుంటే అప్పుడు తెలిసింది. ఆ అద్దంలో చీరల కంటే ముందు వాళ్ల మొహమే వాళ్లకు కనబడుతోంది. ఎంత కడుక్కున్నా చెవుల సందుల్లో, కళ్ల అంచుల్లో మిగిలే బొగ్గు కనబడుతోంది. భార్యకు చీర కొందామని వచ్చిన మనిషికి ముందు తన మసి చూపిస్తే లోపలికి ఎందుకు వస్తాడు? తలుపు విప్పేశాను. ఆ అద్దాలు ఒక టిఫిన్ సెంటర్లో టేబుళ్ల మీదికి చేరి సుఖంగా బతికాయి.

మడిగెకు షిఫ్టులు

మా దగ్గర మడిగెలు ఎప్పుడూ ఒకే పనికి ఉండవు. గని ఉన్నన్నాళ్లు గేటు ముందు బజారు ఉంటుంది. బొగ్గు అయిపోతే గేటు మూతపడుతుంది, బజారు ఇంకో గేటు వెతుక్కుంటూ పోతుంది. మడిగెలకు కాళ్లు లేవు కాబట్టి అక్కడే ఉంటాయి. వాటికి మళ్లీ పని చూపించడమే నా బతుకుతెరువు.

ఒక గని గేటు దగ్గర ఒక్కటే మడిగె, కావాలన్నవాళ్లు ముగ్గురు. ఎవరికీ ఒంటరిగా కిరాయి కట్టే స్తోమత లేదు. "కంపెనీకి మూడు షిఫ్టులు ఉన్నయ్, మడిగెకు ఎందుకుండొద్దు?" అన్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సైకిల్, మిక్సీ రిపేరు, సాయంత్రం పిల్లల ట్యూషన్. బెంచీలు గోడలోకి మడిచేలా చేశాను. పొద్దున ఇడ్లీ ప్లేట్లు పెట్టిన చెక్కే సాయంత్రం రాత బల్ల. పిల్లల నోటుపుస్తకాలు సాంబారు వాసన వస్తున్నాయని బళ్లో పంతులమ్మ ఫిర్యాదు చేసింది. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

ఇంకోసారి నడవని ఐస్‌క్రీమ్ పార్లర్ ఒకటి ప్రార్థన మందిరమైంది. మేడ మీద చిన్న గది. గనిలో పని చేసి రిటైరైన క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి కిరాయికి తీసుకున్నాయి. ఐస్‌క్రీమ్ కౌంటర్ పారేయడానికి నాకు మనసొప్పక, దాన్నే కోసి, పాలిష్ పట్టి, పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పే బల్లగా మార్చాను. చూడటానికి వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ బల్ల చుట్టూ తిరిగి, కింద చేత్తో తడిమి అంది.

"మంచిగ చేసినవ్ గాని తమ్మీ, గీడ కింద 'పిస్తా' అని రాసి ఉన్నది. వాక్యం నడుమ పిల్లలు చదువుతరు."

చెరపడం మర్చిపోయాను. ఆవిడే రూతమ్మక్క. ఆవిడ పక్కన నవ్వు ఆపుకుంటూ నిలబడ్డ పొడుగాటి మనిషి దావీదు, ఆవిడ భర్త. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైనవాడు. ఆవిడను అక్క అన్నాను కాబట్టి ఆయన బావ అయ్యాడు. బావ అయ్యాక ఎగతాళి చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రూతమ్మక్క అడిగిన చోటు

బయటివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. కంపెనీ క్వార్టర్ ఉద్యోగం ఉన్నంతకాలమే. రిటైరైతే ఖాళీ చేయాలి. చాలామంది అప్పటికే ఎక్కడో ఇల్లు కట్టుకుంటారు. దావీదు బావకు ఆ వీలు లేకపోయింది. ఆయన పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. ఇల్లు, పొలం, శ్మశానం అన్నీ ఇప్పుడు ఒక పెద్ద గొయ్యి. వచ్చిన నష్టపరిహారం అన్నదమ్ములు పంచుకునేసరికి గోడ కట్టడానికి కూడా మిగల్లేదు. అందుకని రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు. కూతురు మంచిర్యాలలో ఉంటుంది, వాళ్లదీ కిరాయి ఇల్లే.

కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు చనిపోతే మా వైపు శవాన్ని ఆ ఇంటికి రానివ్వరు. దవాఖానలో పోయినా తీసుకురానివ్వరు, ప్రాణం పోయేలా ఉంటే ముందే దవాఖానకు తీసుకుపొమ్మంటారు. ఇల్లు మైలపడుతుందనీ, మంచి నక్షత్రం కాకపోతే నెలల తరబడి తాళం వేయాలనీ, తర్వాత ఎవరూ కిరాయికి రారనీ ఓనర్ల భయం. వాళ్లు దుర్మార్గులేం కాదు. పండక్కి పిండివంటలు పంపేవాళ్లే, జ్వరమొస్తే మందు తెచ్చేవాళ్లే. ఆ ఒక్క రోజు మాత్రం గేటు తియ్యరు.

రూతమ్మక్క వీధిలోనే ఒకాయన అట్లా పోయాడు. రోడ్డు పక్కన మురికికాలువ మీద బల్ల వేసి, టార్పాలిన్ కట్టి పడుకోబెట్టారు. వాన పడింది. బస్సు పోయినప్పుడల్లా బురద నీళ్లు ఎగిసిపడుతుంటే, మొహం మీద పడకుండా రూతమ్మక్క గొడుగు పట్టుకుని నిలబడింది. అప్పటికే ఆమెకు కిడ్నీల జబ్బు ముదిరింది, డయాలసిస్ నడుస్తోంది. ఆ మరుసటి వారం బావను వెంటపెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఓదెలూ, గన్ని మడిగెలు ఖాళీగున్నయ్. ఒక్కదాన్ల నన్ను ఒక పూట పండబెట్టరాదా? మళ్ల లేచి కిరాయి ఎగ్గొట్టేది లేదు."

నేను వెంటనే ఏదో ఒక మాట అని నవ్వించే రకం. ఆ రోజు లేచి ఆమెకు కుర్చీ వేశాను.

"మీ మందిరం ఉన్నది కదా అక్కా" అన్నాను చివరికి.

"అది గూడ కిరాయిదే కదా. కింద మడిగెల మిఠాయి దుకాణం. మిఠాయి మీదికెళ్లి నన్ను తీస్కపోనిస్తరా? ఆ మెట్లు గూడ నువ్వు చూసినవు. పాస్టరు గారే పక్కకు తిరిగి ఎక్కాలె."

దావీదు బావ అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. "ఆమెకు మాట ఇచ్చిన ఓదెలూ. రోడ్డు మీద పెట్టనని" అన్నాడు.

ఒప్పించడం

సెంటినరీ కాలనీకి వెళ్లే దారిలో ఒక వరుస మడిగెలున్నాయి. అవి కొమురయ్యవి. ఒకప్పుడు కళకళలాడేవి, ఇప్పుడు సగమే నడుస్తున్నాయి. చివరిది ఎస్‌టీడీ బూత్‌గా పుట్టి, జిరాక్స్ సెంటర్‌గా పెరిగి, కొన్నేళ్లుగా సాలీళ్లకు క్వార్టర్‌గా ఉంది. వెనక ఒక గల్లీ ఉంది. బావలాగే కిరాయి ఇళ్లలో ఉన్న రిటైరైనవాళ్లు దాని కిరాయి తలా కొంత వేసుకుంటామన్నారు.

కొమురయ్యను అడిగితే తల గోక్కున్నాడు. "నాకేం ఫికర్ లేదు ఓదెలన్నా. ఖాళీగున్నదానికి ఎవలో ఒకలు కిరాయి కడ్తరు. రిటైరైనోళ్లు తలా కొంచెం ఏసుకుంటమంటున్నరు, మంచిదే. గాని పక్కపొంటి దుకాణపోళ్లు ఒప్పుకోవాలె. వాళ్లు పోతే నేను ఆగమైత" అన్నాడు.

పక్కపక్క దుకాణాలు మూడే. చివరి మడిగెకు ఆనుకుని పద్మ టైలరింగ్. దాని పక్కన సదయ్య చికెన్ సెంటర్. ఆ పక్కన సెల్‌ఫోన్ల దుకాణం. అందరినీ పద్మ దుకాణం ముందు కూర్చోబెట్టి సంగతి చెప్పాను. పద్మ మెడలో టేపు తీసి కుట్టుమిషన్ మీద పడేసింది.

"కాకా, నీకు పని దొరుకుతదని మా పొట్ట కొడ్తవా? పక్కన పీనుగ ఉంటే పెండ్లి జాకెట్లు కుట్టిచ్చుకునేటోళ్లు నా దిక్కు వస్తరా?"

"నా చికెన్ గూడ ఎవలు కొనరు" అన్నాడు సదయ్య.

"సదయ్యా, నీ దుకాణంల పొద్దుగాల నుంచి అయ్యేటియి చావులే కదా. నువ్వు గూడ భయపడ్తె ఎట్ల?"

సెల్‌ఫోన్ల పిల్లవాడు నవ్వాడు, సదయ్య కూడా నవ్వాడు. పద్మ నవ్వలేదు. ఎగతాళితో సగం మందిని గెలవచ్చు, కానీ అసలు గెలవాల్సిన మనిషి మిగిలిపోతుంది. నా వృత్తిలో ఇది చాలాసార్లు చూశాను.

అప్పుడు నాకు ఖాదర్ భాయ్ మాట గుర్తొచ్చింది. వీళ్ల కాళ్లు సాయంత్రం ఎక్కడికి వెళతాయో నేను చూడలేదు.

"పద్మా, మీరు ఉండేది సొంతిల్లా?"

"కిరాయిది."

"సదయ్యా, నీది?"

"నాది గూడ కిరాయే."

సెల్‌ఫోన్ల పిల్లవాడు అడగకముందే తలూపాడు.

"మా ఓనరు మంచోడు కాకా" అంది పద్మ.

"మంచోడే బిడ్డా. రూతమ్మక్క ఓనరు గూడ మంచోడే. రోజు ఆమె తబియత్ ఎట్లున్నదని అడుగుతడు. ఎందుకు అడుగుతుండో ఆమెకు గూడ తెలుసు."

పద్మ మిషన్ మీది టేపు తీసి మడత పెట్టసాగింది. సదయ్య దుకాణంలో కోళ్లు మాత్రం వాటి సంగతి అవి చూసుకుంటున్నాయి. తన ఇంట్లో మంచం పట్టిన అత్తగారు ఉందని పద్మ అప్పుడు చెప్పింది, నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత గొంతు తగ్గించి తన షరతు చెప్పింది.

"సరే. గాని ఎనుక గల్లిల నుంచే తేవాలె, ఎనుక నుంచే తీస్కపోవాలె. ముందట షట్టర్ లేవద్దు. నా గిరాకీకి కానరావద్దు."

ఒప్పుకున్నాను. వెనక గోడ పగలగొట్టించి, శవపేటిక ఎటూ తగలకుండా తిరిగేంత వెడల్పు తలుపు పెట్టాను. గట్టి ఇనుము, మంచి బందులు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. ముందు షట్టర్ దించి తాళం వేశాం.

ఛాతీ ఎత్తు

లోపలి పని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను. ఎన్ని దుకాణాలు చేయలేదు? గది నడుమ గద్దె కట్టాను, పైన నున్నటి గ్రానైట్. దాని మీద పడేలా చీరల షాపుల్లో పెట్టే తెల్లటి లైట్లు. గోడలకు అంచులు, మూలలకు పట్టీలు. బావ చూసి "మంచిగున్నది" అన్నాడు. బావకు అన్నీ మంచిగానే ఉంటాయి. నేల కింద బతికిన మనిషి, పైన కప్పు ఉంటే చాలు.

డయాలసిస్ అయ్యాక దవాఖాన నుంచి ఆటోలో రూతమ్మక్క నేరుగా అక్కడికే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఇదేంది ఓదెలూ?"

"నీ గద్దె అక్కా."

"నన్ను అమ్ముతున్నరా? ధర చీటీ ఏడ అంటిస్తవ్? కాళ్లకా, నెత్తికా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా నేల మీద కూర్చుంది. కూర్చోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. గద్దె అంచు ఆమె తలకంటే పైన ఉంది.

"మా ఆడోళ్లు గీడ కూసుంటరు. గీడికెళ్లి ఆ మీద పండుకున్నదాని మొఖం కానస్తదా? నా బిడ్డ నా మొఖం పట్టుకొని ఏడ్వాలె. నిచ్చెన ఏసుకుంటదా?"

ఖాదర్ భాయ్ గీత అక్కడ నా మొహాన కొట్టింది. అమ్మే సరుకుకు ఛాతీ ఎత్తు సరే. చనిపోయిన మనిషి చుట్టూ ఎవరూ నిలబడి బేరం చేయరు. నేల మీద కూర్చుంటారు, చేతులు చాపుతారు, చెంపలు నిమురుతారు, జుట్టు సర్దుతారు. చిన్నప్పటి నుంచి ఎన్ని చావులకు వెళ్లానో నాకే తెలియదు. ప్రతిచోటా అది చూశాను. చేతిలో టేపు ఉన్నప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. దుకాణాలు కట్టేవాడికి గది కనబడితే దుకాణమే కనబడుతుంది. మీకూ ఈ రోగం వస్తుంది, జాగ్రత్త.

"ఎంత ఎత్తు పెట్టమంటవ్ అక్కా?"

ఆవిడ తన చెయ్యి నేలకు కొంచెం పైన పట్టి చూపించింది. "జానెడు. చీమలు ఎక్కకుంట ఉంటే సాలు. ఆ లైటు గూడ తీసెయ్. కండ్లు మూసుకున్న గూడ గుచ్చుకునేటట్టున్నది."

ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. వెనక తలుపు దగ్గర కాళ్లు కడుక్కోవడానికి నల్లా. మూలన గ్యాస్ పొయ్యికి చోటు, "ఏడ్చినోళ్లకు ఆకలైతది". ముసలివాళ్లు వీపు ఆనించుకోవడానికి గోడ పొంటి చెక్క. సంచులు తగిలించుకోవడానికి మేకులు. ఫ్యాను కూర్చునేవాళ్ల మీదికి తిరగాలి, పడుకున్నదాని మీదికి కాదు. నేను చాలామంది యజమానులకు పని చేశాను. తనకు ఏం కావాలో ఇంత తేటగా తెలిసిన మనిషిని ఇంకొకరిని చూడలేదు. అందులో తన కోసం అడిగింది జానెడు ఎత్తు మాత్రమే.

గద్దె కూల్చేటప్పుడు దావీదు బావ నా చేతిలో సుత్తి తీసుకున్నాడు. "జిందగంత కూలకుంట నిలబెట్టుడే చేసిన. ఒక్కటన్న కూలగొడ్త" అన్నాడు. ఆయన నోట్లో నుంచి ఎగతాళి రావడం నేను విన్నది అదొక్కసారే.

మధ్యాహ్నం నిద్ర

కొత్త గద్దె ఆరాక రూతమ్మక్క మళ్లీ వచ్చింది. ఎత్తు సరిపోయిందో లేదో చూస్తానని పడుకుంది. బావ మొహం తిప్పేసుకుని బయటికి వెళ్లాడు. నేను స్క్రూలు ఏరుకుంటున్నట్టు నటించాను.

"సల్లగున్నది ఓదెలూ. కరెంటు పోయి మా ఇంట్ల ఉడికిపోతున్నం. కొద్దిసేపు కన్ను మూస్త" అంది. అనడమే కాదు, నిజంగానే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. గురక ఆగిన కాసేపటికి పద్మ, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెనక తలుపు నుంచి తొంగి చూసింది. కొంగు నిండుగా కప్పుకుని కదలకుండా పడుకున్న మనిషిని చూసి కెవ్వుమంది. రూతమ్మక్క ఒక కన్ను తెరిచింది.

"ఇంక టైమున్నది బిడ్డా. నువ్వు పోయి జాకెట్లు కుట్టుకో."

పద్మ గోడకు ఆనుకుని గుండె పట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ గద్దె మీద కూర్చుని టీ తాగారు.

ఆ రోజు నుంచి దవాఖానకు వెళ్లి వచ్చే దారిలో రూతమ్మక్క అక్కడ ఆగేది. పద్మ హుక్కులు, గుండీలు వేయాల్సిన జాకెట్లు తెచ్చి ఇస్తే, చూపు ఆనినంతసేపు కుట్టిపెట్టేది. పద్మ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు కొలతల కోసం ఎదురుచూస్తూ అక్కడ ఫ్యాను కింద కూర్చోవడం మొదలైంది. రిటైరైనవాళ్లు పేపరు తెచ్చుకున్నారు. అష్టాచెమ్మా గీసుకున్నారు. ఎవరికోసం కట్టామో ఆవిడే అందరికీ చోటు చూపించి, "నేను రిజర్వు చేసుకున్నది గీ నడుమల, మీరు పక్కకు కూసోండ్రి" అనేది.

ఒకనాడు పద్మ నాతో అంది. "కాకా, మా అత్తమ్మను గూడ ఒకసారి ఆటోల తీస్కొచ్చి చూపిస్త. రోజు దాని గురించే బుగులు పడ్తున్నది." చూపించింది. ముసలావిడ గద్దె తడిమి చూసుకుని, తలూపి వెళ్లింది.

ఆ రోజు

రూతమ్మక్క వానాకాలంలో పోయింది. తెల్లవారుజామున దవాఖానలో. బావ నాకు ఫోన్ చేసి, "ఓదెలూ, తాళం తియ్యి" అని పెట్టేశాడు.

వెనక గల్లీలో అంబులెన్స్ ఆగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. శవపేటిక ఎక్కడా తగల్లేదు, అక్కను గద్దె మీద పడుకోబెట్టాం. బయట కుండపోతగా వాన. లోపల ఒక్క చుక్క లేదు. మంచిర్యాల నుంచి కూతురు వచ్చి నేల మీద కూలబడి, తల్లి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. నేను నల్లా దగ్గరికి వెళ్లి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాను.

మందిరం వాళ్లు పాటలు పాడారు. మూల పొయ్యి మీద సదయ్య టీ కాచి అందరికీ పోశాడు. ఆ రోజు కోడిని కొయ్యలేదు, ఎవరూ చెప్పకుండానే. పద్మ కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి పొద్దుటి నుంచి గద్దె పక్కనే కూర్చుంది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక పెట్టె లేపారు. ఒప్పందం ప్రకారం వెనక తలుపు వైపు తిరిగారు. నేను ముందే వెళ్లి రెక్క పట్టుకుని నిలబడ్డాను.

"ఆగుండ్రి" అంది పద్మ.

అందరూ ఆగారు. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "తాళంచెవి ఇయ్యి కాకా."

"ఏ తాళంచెవి బిడ్డా?"

"ముందట షట్టర్ది."

ఇచ్చాను. బయటికి వెళ్లి తాళం తీసింది. కొన్ని నెలలుగా లేపని షట్టర్, వానకు తుప్పు పట్టింది. మోకాళ్ల దాకా లేచి ఆగిపోయింది. నేను సాయం పట్టబోతే, "నేను తీస్త కాకా" అంది. సదయ్య రెండో వైపు చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఒక్క ఊపున లేపారు. ఆ చప్పుడు వరుస మొత్తం వినిపించింది. మెయిన్ రోడ్డు వెలుతురు గద్దె దాకా వచ్చింది.

"రూతమ్మవ్వ దొంగలెక్క ఎనుకకెళ్లి ఎందుకు పోవాలె? గిట్లనే తీస్కపోండ్రి" అంది పద్మ.

దావీదు బావ ఆమె వైపు చూసి తల వంచాడు. పెట్టె ముందు నుంచి వెళ్లింది. పద్మ దుకాణం, సదయ్య దుకాణం, సెల్‌ఫోన్ల దుకాణం అప్పటికే షట్టర్లు సగం దించి ఉన్నాయి. పద్మకు జాకెట్లు ఇచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద నిలబడి ఉన్నారు. పెట్టె దాటిపోయేదాకా నిలబడి, తర్వాత పద్మ దగ్గరికి వచ్చి, జాకెట్లు రేపు తీసుకుంటామని చెప్పి వెళ్లారు.

మిగిలింది

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఒక్కటే. మడిగె అనగానే అమ్మడం, కొనడం అనుకోకండి. మనిషికి ఎప్పుడు ఏ చోటు కొరతో ముందు అది కనుక్కోండి. లోపలికి వెళ్లాక నిలబడి ఒకసారి, నేల మీద కూర్చుని ఒకసారి చూడండి. రెండోది నేను చూడలేదు కాబట్టి గ్రానైట్ కొంత వృథా అయింది.

దావీదు బావ ఇప్పుడు రోజూ పొద్దున వచ్చి ముందు షట్టర్ లేపుతాడు, సాయంత్రం దించుతాడు. స్ప్రింగు కొత్తది వేశాను, నూనె పెట్టాను. వేలితో లేస్తుంది. పేపరు చదివేవాళ్లు, అష్టాచెమ్మా ఆడేవాళ్లు, కొలతలకు వచ్చినవాళ్లు పగలంతా అక్కడే, వాళ్లకు టీ సదయ్య తన దుకాణం వెనక నుంచి తెస్తాడు. ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే పేపరు మడిచి, గళ్లు తుడిచేసి, లేచి చోటు ఇస్తారు. ఆ తర్వాత అక్కడికి వచ్చినవాళ్లందరూ, పద్మ అత్తగారితో సహా, ముందు నుంచే వెళ్లారు.

నా పనితనమంతా పెట్టి బిగించిన ఆ వెనక తలుపు మాత్రం అట్లాగే ఉంది. అంత వెడల్పు, అంత నున్నగా తిరిగే తలుపు నా చేతుల మీదుగా ఇంకోటి పోలేదు. ఇప్పుడు అందులో నుంచి సదయ్య టీ కెటిల్ ఒక్కటే వస్తోంది, పోతోంది.